పలు పాఠములు – ఒక్క గోష్ఠి



శ్రీరామనవమికి ఇంకను మూడు వారముల వ్యవధి ఉన్నది. అయినను మన కండ్లకోయలో ఈ పది దినములుగా దీపము పెట్టిన వేళకు తాళముల సవ్వడి వినవచ్చుచున్నది. కల్యాణము నాడు స్వామి సన్నిధిని పాడవలసిన కీర్తనలకు భజన బృందమువారు సాధకము చేయుచున్నారు. నిన్నటి సాయంకాలము నేనును వెళ్లి ఒక మూల చాపపై కూర్చుంటిని. రెండు కీర్తనలు చక్కగా సాగినవి. మూడవదానివద్ద సాధకము ఆగిపోయినది.

అది భద్రాచల రామదాసుగారి కీర్తన. ఊరి పెద్దలు తమ తండ్రుల కాలమునుండి పాడుచున్న వరుస ఒకటి. ఉద్యోగములకై వేరు వేరు జిల్లాలనుండి వచ్చి ఈ ప్రాంతమున స్థిరపడిన కుటుంబముల స్త్రీలు నేర్చిన వరుస మరియొకటి. మాటలు ఒక్కటే, ఎత్తుగడ వేరు, నడక వేరు. "అది కాదు బాబాయిగారూ, మా అమ్మ రేడియోలో విని నేర్చుకున్నది ఇట్లాగే" అని ఒక అమ్మాయి వినయముగనే అన్నది. ఏబది యేండ్లుగా ఆ ఊరి భజనలో తాళము పట్టిన పెద్దాయన కొంతసేపు మాటాడలేదు. తరువాత తాళములు చాపమీద పెట్టి, "మీరే పాడుకోండ్రి బిడ్డా, మేం వింటం" అని లేచి వెళ్లిపోయెను. ఆ మాటలో కోపము లేదు. కోపము ఉండిన బాగుండెడిదని నాకు తోచినది.

నేడు నేను చెప్పదలచిన విషయము వేరొకటి. దానిని మరియొక దినమునకు ఉంచి, కూడి పాడుట అనునది మనకు ఎట్లు సంక్రమించినదో, దానికొరకు పెద్దలు ఏమేమి విడిచిపెట్టవలసి వచ్చినదో ఆ చరిత్రను ఈ పూట విన్నవించుకొందును.

'గోష్ఠి' అను మాట మనము నిత్యము వాడుచుందుము. గోష్ఠము అనగా ఆవులు చేరి నిలుచు చోటు. ఒక్కొక్క ఇంటి ఆవు ఒక్కొక్క దారిన వచ్చి ఒకచోట నిలుచును. ఆ మాటనుండియే జనులు కూడుట గోష్ఠి అయినది. వైష్ణవాలయములలో ప్రబంధ పారాయణము చేయువారి వరుసను నేటికిని గోష్ఠి అనియే పిలుచుదురు. ధనుర్మాసమున మనము అనుసంధించు తిరుప్పావై ముప్పది పాశురములలో ఆరవది మొదలు పదునైదవ దాకా పది పాశురములు కేవలము నిద్రించుచున్న చెలులను మేల్కొలుపుటకే సరిపోయినవి. వ్రతమునకు తొందర ఉన్నను ఆండాళ్ తల్లి ఒక్కతెయే ముందుకు సాగలేదు. రాని ప్రతివారి గుమ్మముకడ నిలిచినది.

ఇక రామదాసుగారి సంగతి. కంచర్ల గోపన్నగారు నేలకొండపల్లి వాస్తవ్యులు. గోలకొండను అబుల్ హసన్ కుతుబ్‌షా, అనగా తానీషా, పాలించిన కాలములో పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా ఉండిరి. భద్రాద్రి రామునకు కోవెల కట్టించి, సర్కారు సొమ్ము వెచ్చించినందులకు గోలకొండలో చెరయందుంచబడిరి. పండ్రెండేండ్లు ఆ చెరలో ఉండిరని సంప్రదాయము. ఆ కోట మన ఊరికి దూరము కాదు. ఏకాంతమైన చెరతో పేరు ముడివడిన ఆ మహానుభావుని కీర్తనలే ఈ ప్రాంతమున ఊరంతయు కూడి పాడుకొను పాటలైనవి. ఆ కీర్తనల పల్లవి చిన్నది, మాట సులభము. ఒకరు ఎత్తుకొనిన వెంటనే పదిమంది అందుకొనగలరు. చదువు రానివానికిని రెండవసారికి నోటికి వచ్చును.

తంజావూరు సీమలో పుట్టి పెరిగిన త్యాగరాజస్వామికి ఈ రామదాసుగారిపై మిక్కిలి గౌరవము. తన రచనలయందు ఆయనను పేరుపెట్టి స్మరించెను. ఇట్లు మన తెలంగాణపు భక్తుని నామము కావేరీ తీరమునకు చేరినది. కూడి పాడుటను గూర్చి మనకు అవసరమైన పాఠము కూడ ఆ కావేరీ తీరముననే ఉన్నది గాన కొంచెము సేపు అచ్చటికి వెళ్లుదము.

కాకర్ల వంశమునకు చెందిన త్యాగరాజస్వామి 1767లో తిరువారూరున జన్మించి, తిరువయ్యారున నివసించి, 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు సిద్ధిపొందిరి. వారు ఉంఛవృత్తికి వీథులలో నడుచుచు కీర్తనలు పాడెడివారు. శిష్యులు వెంట నడుచుచు అందుకొనెడివారు. దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు అను రెండు తెగలు ఇట్టి సామూహిక గానమునకై పుట్టినవే. వాటిలో సంగతుల ఆడంబరము ఉండదు. పదిమంది గొంతు కలుపుటకు వీలుగా సాదాగా ఉండును.

స్వామి తన కృతులను స్వయముగా స్వరపరచి గ్రంథముగా వ్రాసి ఇచ్చినవారు కారు. విన్న శిష్యులు వ్రాసికొనిరి, నేర్చిరి, తమ శిష్యులకు చెప్పిరి. వాలాజపేటవారు ఒక పరంపర, ఉమయాళ్పురమువారు ఒక పరంపర, తిల్లైస్థానమువారు మరియొక పరంపర. ఒకే గురువు నోట విన్నను ఒక పరంపరలో ఉన్న సంగతి మరియొక పరంపరలో లేదు. ఒకచోట రాగమే వేరుగా కనబడు కృతులును ఉన్నవి. ఇందులో ఎవరిని తప్పుపట్టగలము? గురువు ఒకే కృతిని ఉదయము ఒక విధముగను సాయంకాలము ఒక విధముగను పాడి ఉండవచ్చును. పాఠభేదము అనునది చాలసార్లు దొంగతనము కాదు, అజ్ఞానము కాదు; ఇద్దరు భక్తులు రెండు వేళల విన్న రెండు సత్యములు.

స్వామి సిద్ధిపొందిన పిదప ఆ సమాధి చాలకాలము ఆదరణకు నోచుకొనలేదు. 1903లో ఉమయాళ్పురము కృష్ణ భాగవతులు, సుందర భాగవతులు అను సోదరులు దానిని బాగుచేయించిరి. ఆ తరువాత తిల్లైస్థానము నరసింహ భాగవతులు, పంజు భాగవతులు అను సోదరుల పూనికతో తిరువయ్యారులోనే ఆరాధన సాగినది. అయితే కొలది సంవత్సరములకే అభిప్రాయభేదములు పొడసూపి ఉత్సవము రెండుగా చీలినది. పెద్ద పక్షము, చిన్న పక్షము అని పేర్లు కూడ స్థిరపడిపోయినవి. ఒక పక్షమువారు ఐదు దినములు ముందుగా ఆరంభించి పంచమి తిథికి ముగించెడివారు. మరియొక పక్షమువారు ఆ తిథినాడు ఆరంభించి పిదప దినములకు సాగించెడివారు. స్వామి ఒక్కరే, నది ఒక్కటే, సమాధి ఒక్కటే. విద్వాంసులు మాత్రము "నీవు ఏ పక్షము?" అని ఒకరినొకరు అడుగుకొను స్థితి వచ్చినది. రామనామమునకు జీవితమును ధారపోసిన మహనీయుని తిథినాడు ఇట్లు జరిగినదని చెప్పుటకు సిగ్గు కలుగును. కాని చరిత్ర చెప్పునప్పుడు అందమైన భాగమే చెప్పుట మర్యాద కాదు.

ఆ రెండు పక్షములకును ఒక్క విషయములో మాత్రము భేదము లేకుండెను. స్త్రీలు ఆ సన్నిధిని పాడరాదు!

ఇచ్చట బెంగుళూరు నాగరత్నమ్మగారిని తలచుకొనవలెను. 1878లో మైసూరు సీమలోని నంజనగూడున దేవదాసీ కుటుంబమున జన్మించిరి. సంగీతమున, సంస్కృతాంధ్రములయందు పాండిత్యము గడించిరి. 1910లో ముద్దుపళని కావ్యమును పరిష్కరించి ముద్రింపించి, దానివలన వచ్చిన నిందలను, నిషేధమును ఎదుర్కొనిన ధీరురాలు. స్వామి సమాధి పాడుబడి ఉన్నదని తన గురువు బిడారం కృష్ణప్పగారు తెలుపగా ఆమె తిరువయ్యారు వెళ్లిరి. కచేరీలలో గడించిన సొంత ద్రవ్యమును వెచ్చించి, 1921లో ఆలయ నిర్మాణమునకు పూనుకొని, 1925 జనవరిలో ప్రతిష్ఠ జరిపించిరి. గుడి ఆమె కట్టించినదే, దీపము ఆమె పెట్టించినదే. అయినను ఆరాధననాడు ఆ గుడిముందు కూర్చుండి పాడుటకు ఆమెకు చోటు ఇయ్యలేదు.

ఆమె ఏమి చేసిరి? తలుపులు మూయించలేదు. స్త్రీ కళాకారిణులను కూడగట్టి ఆలయమునకు వెనుక భాగమున వేరొక గోష్ఠిని నడిపించిరి. ముందువైపు పురుషులు, వెనుకవైపు స్త్రీలు. ఇట్లు రెండు పక్షములకు తోడు మూడవది ఏర్పడినది. గోడకు ఈవలివారు ఎత్తిన గొంతు ఆవలివారికి వినబడకుండునా? కొన్ని యేండ్లపాటు తిరువయ్యారున ఇదియే స్థితి.

చివరకు 1940లో పెద్దలు పూనుకొని ఈ పక్షములను ఒకచోటికి చేర్చిరి. త్యాగబ్రహ్మ మహోత్సవ సభ ఏర్పడినది. స్త్రీలు కూడ సన్నిధిని పాడు హక్కును పొందిరి. అందరును కలిసి ఘనరాగ పంచరత్న కృతులను ఏకకంఠముగ పాడు పద్ధతి ఆ ఏకీకరణ దినములలోనే స్థిరపడినది. నేడు ఊరూర ఆరాధననాటి ఉదయము మనము చూచు పంచరత్న గోష్ఠి అనాదిగా ఉన్నదని చాలమంది తలచెదరు. అది స్వామి కాలము నాటిది కాదు. కలహము తీరిన పిదప, ఆ తీరినదానికి గుర్తుగా వచ్చినది.

ఎన్నుకొనినవి ఎంత కష్టమైన కృతులో గమనింపుడు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అను ఐదు ఘనరాగములు. అన్నియును ఆదితాళమే. మొదటిది సంస్కృతము, తక్కిన నాలుగును తెలుగు. చరణములు అనేకములు, చరణమును ముందు స్వరముగను పిదప సాహిత్యముగను పాడు సంప్రదాయము. దివ్యనామ కీర్తనవలె విన్నవెంటనే అందుకొనుటకు వీలు కాదు. నూరుమంది పాడవలెనన్న నూరుమందికిని ఒక్కటే పాఠము ఉండవలెను. ఏ సంగతి ఎన్నిసార్లు, ఏ చరణము తరువాత పల్లవికి రావలెను, ఎచ్చట నిలుపవలెను అనునది ముందుగా తేల్చుకొనవలెను. ఒక పరంపరవారు తమ గురువు అపురూపముగా ఇచ్చిన సంగతిని ఆ ఒక్క పూటకు కట్టిపెట్టవలెను. మహావిద్వాంసులు కచేరీలో తమ సంగతి తాము పాడుకొందురు. గోష్ఠిలో కూర్చుండినప్పుడు అందరి సంగతియే పాడుదురు. సాధకము అనగా గొంతు పదునుచేసికొనుట అని మనము తలచుచుందుము. గోష్ఠి సాధకములో సగము పని ఇది, ఏది పాడకుండుటయో తెలిసికొనుట.

వరాళిని గూర్చి ఒక విశ్వాసము కలదు. ఆ రాగమును గురువు శిష్యునకు ఎదురుగా కూర్చుండబెట్టి నేర్పరాదని, నేర్పినచో గురుశిష్యులకు విరోధము కలుగునని పెద్దలు చెప్పుదురు. అట్లయిన ఆ నాలుగవ రత్నము శిష్యులకు వచ్చుట ఎట్లు? పలువురు పాడుచుండగా ప్రక్కన కూర్చుండి వినుటవలన అబ్బవలసినదే. గోష్ఠియే అచ్చట గురువు. ఆ విశ్వాసమున నిజమెంత అని నన్ను అడుగకుడు. సంగీత కళాశాలలలో వరాళి నేర్పుచునే ఉన్నారు, గురుశిష్యులు క్షేమముగనే ఉన్నారు!

శ్రుతి మాట కూడ చెప్పవలెను. సాధారణముగా పురుషులు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడుదురు. స్త్రీలకు ఐదు, ఐదున్నర అనుకూలము. ఇద్దరును కలిసి పాడవలెనన్న పురుషులకు పైస్థాయి బిగువగును, లేదా స్త్రీలకు క్రిందిస్థాయి అందదు. ఇరువురికిని పూర్తిగా సుఖమైన శ్రుతి లేదు. ఇరువురును కొంత ఓర్చుకొను శ్రుతి ఉన్నది. హార్మోనియము ముందు కూర్చుండినవారు మొదటి దినమున వెదకవలసినది దానినే. మన బృందములో దానిని మూడవ దినమునకు కనుగొనిరి. అది సామాన్యమైన పని కాదు.

ఇప్పుడు మన వైపునకు వత్తము. హైదరాబాదులో 1952లో స్థాపితమైన ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల నేడు త్యాగరాజస్వామి పేరుతోనే నడచుచున్నది. జంటనగరములలో పుష్య బహుళ పంచమికి కొన్ని వారముల ముందునుండియే ఇండ్లలో, మందిరములలో పంచరత్న సాధకములు సాగుచుండును. సముద్రములకు ఆవల అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమున కూడ 1978నుండి త్యాగరాజ ఆరాధన జరుగుచున్నది. అచ్చట పుట్టిన పిల్లలు తెలుగు అక్షరములు రాకపోయినను ఈ ఐదు కృతులను కంఠస్థము చేయుచున్నారు.

తాళ్లపాక అన్నమాచార్యులవారి విషయము ఇంకను విచిత్రమైనది. వారు 1408నుండి 1503వరకు జీవించిరి. వారి సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమల సంకీర్తన భాండారమున శతాబ్దములపాటు ఉండిపోయినవి. ఇరువదవ శతాబ్దమున వెలికివచ్చినప్పుడు రేకులపై సాహిత్యము ఉన్నది, రాగము పేరు ఉన్నది. ఎట్లు పాడవలెనో చెప్పు స్వరము మాత్రము లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగువారు పాఠములను పరిష్కరించిరి. రాళ్లపల్లివారు, మంగళంపల్లివారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాదుగారు మొదలగు విద్వాంసులు వాటికి వరుసలు కట్టిరి. అన్నమయ్య పాటను అన్నమయ్య వరుసలోనే పాడుచున్నామని నేడు ఎవరును ప్రమాణము చేయలేరు. అయినను 2009 మే 10న సికింద్రాబాదు పరేడ్ మైదానమున లక్షకు మించిన గొంతులు ఏడు అన్నమయ్య సంకీర్తనలను కూడి పాడినవి. మన ఊరిమీదుగా పోవు నాగపూరు రహదారి పట్టుకొని దక్షిణముగా పోయినచో ఆ మైదానము వచ్చును. అంతమంది ఒక్క దినమున వచ్చి పాడుట ఒక యెత్తు. అంతకుముందు ఊరూర చిన్న చిన్న బృందములుగా కూర్చుండి, అందరును ఒకే వరుసను నేర్చుట మరియొక యెత్తు. మైదానమును అందరును ఛాయాచిత్రములలో చూచిరి. ఆ సాయంకాలపు సాధకములకు ఛాయాచిత్రములు లేవు.

2020లో మహమ్మారి వచ్చినప్పుడు భజన మందిరములు మూతపడినవి. కొందరు సెల్‌ఫోనులలో, కంప్యూటరులలో ఒకరికొకరు కనబడుచు సాధకము చేయ ప్రయత్నించిరి. కనబడిరి గాని కూడి పాడలేకపోయిరి. ఒకరి గొంతు మరియొకరికి చేరుటకు లిప్తకాలము ఆలస్యమగును; ఆ లిప్తలోనే తాళము తప్పును. అందుచేత ఒకరు పాడుచుండగా తక్కినవారు తమ ధ్వనిని మూసివేసికొని, తమ ఇంట తామే పాడుకొనవలసి వచ్చినది. వందమంది పాడుచున్నను ప్రతివారికిని వినబడినది తన గొంతు, నాయకుని గొంతు మాత్రమే. ప్రక్కవాని గొంతు వినబడకపోవుట ఎంత లోటో ఆ రెండు సంవత్సరములలో భజనపరులకు తెలిసివచ్చినది.

ఇక నిన్నటి తగవునకు వత్తము. రామదాసుగారి కీర్తనకు అసలు వరుస ఏది? పదునేడవ శతాబ్దమున ఆయన పాడినదానిని స్వరపరచి అప్పుడే వ్రాసి ఉంచినవారు లేరు. భజన బృందముల నోట అది ఊరికొక తీరున మారుచు వచ్చినది. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు తమ రికార్డుల ద్వారా, ఆకాశవాణి ద్వారా ఆ కీర్తనలను ఇంటింటికి చేర్చిరి. విజయవాడ కేంద్రపు భక్తిరంజని విని వంటయింట పాట నేర్చిన తల్లులు ఎందరో. ఆ అమ్మాయి నేర్చినది ఆ దారిన వచ్చినది. పెద్దాయన నేర్చినది ఎడ్లబండ్లు నడచిన కాలపు రచ్చబండనుండి, చిరుతల భజననుండి వచ్చినది. రేడియోలో వచ్చినది శాస్త్రీయమనియు, పల్లెలో ఉన్నది అపభ్రంశమనియు తలచుట నాకు సమ్మతము కాదు. అట్లే, ఇది మా ఊరు గనుక మా వరుసయే పాడవలెననుటయు సమ్మతము కాదు. మన ఊరు ఇప్పుడు ఎవరిది? బాహ్యవలయ రహదారి వచ్చినది, కళాశాలలు వచ్చినవి, పలు జిల్లాలవారు వచ్చి ఇండ్లు కట్టుకొనిరి. కల్యాణమునకు తలంబ్రాలు తెచ్చువారిలో సగముమంది తాతలు ఈ ఊరి చెరువు నీరు త్రాగినవారు కారు. రాముడు వారికిని రాముడే.

అయినను ఒక్క మాట నిష్కర్షగా చెప్పుదును. ఇరువురిలో ఎక్కువ పోగొట్టుకొనునది పెద్దాయనయే. రేడియో వరుస పుస్తకములలో ఉన్నది, రికార్డులలో ఉన్నది. ఈ బృందము పాడకున్నను అది నిలుచును. ఆయన వరుస ఆయన నోట, మరి నలుగురు వృద్ధుల నోట మాత్రమే ఉన్నది. ఈ యేడు పాడకపోయినచో మరుసటి యేటికి ఎవరికిని జ్ఞాపకముండదు. ఆయన "మేం వింటం" అనినప్పుడు నాకు భయము కలిగినది అందుచేతనే. గుడి వెనుకకు పంపబడిన గోష్ఠి ఎట్లుండునో తిరువయ్యారు చెప్పుచున్నది. మనకు తెలియకుండగనే మనమును ఒకరిని వెనుకకు పంపుచున్నామేమో.

నిన్న రాత్రి బృందములోని కొందరితో మాటాడితిని. కల్యాణమునకు ముందు ఆ కీర్తనను ఊరి వరుసలో పాడవలెననియు, పెద్దాయన ఎత్తుకొనగా తక్కినవారు అందుకొనవలెననియు, పవళింపు సేవ వేళ అదే కీర్తనను రెండవ వరుసలో ఆ అమ్మాయి ఎత్తుకొనవలెననియు వారే అనుకొనిరి. దీనికి ఊరి వరుసను అందరును నేర్వవలెను. నేర్పుటకు ఆయన రావలెను. ఆ అమ్మాయి తన సెల్‌ఫోనులో ఆయన పాటను పట్టుకొని వ్రాసికొందునని చెప్పినది. ఈ ఉదయము ఆమెయు, మరియొక పెద్దముత్తైదువయు ఆయన ఇంటికి వెళ్లిరి. ఆయన ఇంకను ఏమియు చెప్పలేదట. కాఫీ మాత్రము ఇప్పించెనట. సాధకము ఈ సాయంకాలము ఆరున్నర గంటలకు. తాళములు చాపమీదనే ఉంచినాము.